తల్లిపక్షి పరీక్ష



నేర్పుట కష్టమా, నేర్చినవారిని పరీక్షించుట కష్టమా యని యెవరైన నన్నడిగియున్నచో, నేర్పుటయే కష్టమని కొలది నెలల క్రిందటివరకు తడువుకొనక చెప్పియుందును. నేర్పువారికి గొంతు నొచ్చును. చెప్పినదే పదిమారులు చెప్పవలసి వచ్చును. భూదేవి యంత యోర్పు కావలయును. పరీక్షించువారికేమి? కుర్చీలో గూర్చుండి ప్రశ్న వేయుదురు. సమాధానము వచ్చినచో తల యూపుదురు, రానిచో పెదవి విరతురు. ఉపాధ్యాయుని యిల్లాలినై, ఇన్నేండ్లుగా జవాబు కాగితముల కట్టల నడుమ సంసారము సాగించుచున్న నాకే యీ యభిప్రాయ ముండెననిన, ఇతరుల మాట చెప్పనేల?

ఆ యభిప్రాయమును మార్చినది మా యింటి కాగితముల కట్ట కాదు. అమెరికాదేశపు వనిత యొకతె జీవితచరిత్ర. ఆమె విమానము నడుపుట నేర్చినది; పిదప నితరులకు నేర్పినది; తుదకు, విమానము నడుపనేర్చితిమని వచ్చినవారిని పరీక్షించి, యోగ్యులకు లైసెన్సు నొసంగు నధికారమును బడసినది. ఆమె పేరు ఈవ్లిన్ బ్రయాన్ జాన్సన్. నేర్పు పీఠమునుండి పరీక్షించు పీఠమునకు మారుటలో నెంత మనోనిగ్రహము గావలయునో యామె వృత్తిని గూర్చి చదివినప్పుడు నాకు దెలిసినది. దానినే మీకు విన్నవింప నీ నాలుగు పుటలు వ్రాయుచున్నాను.

ఈవ్లిన్ 1909వ సంవత్సరము నవంబరు 4వ తేదీన కెంటకీ రాష్ట్రములోని కార్బిన్ అను నూర జన్మించినది. చదువు ముగిసిన పిమ్మట కొంతకాలము బడిలో పాఠములు చెప్పినది. 1931లో వయాట్ బ్రయాన్ అను నతనిని వివాహమాడి, టెనెసీ రాష్ట్రమున జెఫర్సన్ సిటీ యను చిన్న పట్టణములో భర్తతో గూడి బట్టలు చలువచేయు నంగడి నడుపుచుండినది. రెండవ ప్రపంచయుద్ధమున భర్త సైన్యమునందు జేరగా, నంగడి భారమంతయు నామె భుజములపై బడినది. ఆ దినములలో, విమానము నడుపుట నేర్పుదుమను ప్రకటన యొకటి వార్తాపత్రికలో నామె కంటబడెను.

పాఠములు చెప్పుచోటు నాక్స్‌విల్ నగరమున, నదీమధ్యమునందలి యొక ద్వీపముపై నుండెను. ఆమె రైలెక్కి, బస్సెక్కి, కొంతదూరము కాలినడకను బోయి, తుదకు పడవలో నది దాటి తొలి పాఠమునకు హాజరైనది. 1944 నవంబరు 8వ తేదీన, శిక్షకుడు ప్రక్కన లేకుండ నొంటరిగా విమానము నెగురవేసి, మరల క్షేమముగా దింపినది. అప్పటి కామెకు నాలుగు దినముల క్రిందటనే ముప్పదియైదేండ్లు నిండినవి. ముప్పదియైదేండ్ల స్త్రీ కిక నేర్వవలసినది లేదని, పిల్లలకు నేర్పవలసినది మాత్రమే మిగిలియున్నదని తలంచు మనవంటివారము ఈ తేదీని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

అటుపిమ్మట నామె యెక్కిన మెట్లు క్రమముగా నున్నవి. 1945లో తన కొఱకు తాను విమానము నడుపుకొను లైసెన్సు. 1947 నాటికి ఇతరులకు నేర్పు శిక్షకురాలి యధికారము. 1952లో పరీక్షకురాలి నియామకము. 1953 మొదలు మారిస్టౌన్ అను నూరి విమానాశ్రయమునకు నిర్వాహకురాలై, అర్ధశతాబ్దమునకు బైగా నచ్చటనే పనిచేసినది. ఆమె యాకాశమున గడపిన కాలము 57,635 గంటలు. లెక్క వేసి చూడుడు: రేయింబవళ్లు నేలపై నడుగిడకుండ ఆరున్నర సంవత్సరములు! స్త్రీలలో నింతకాల మెగిరినవారు వేరొకరు లేరని గిన్నిస్ గ్రంథమువారు నమోదు చేసికొనిరి. ఆమెయొద్ద నేర్చినవారు సుమారు 5,000 మంది. ఆమె పరీక్షించిన పరీక్షలు 9,000కు బైమాట. శిష్యు లామెను ప్రేమతో ‘మామా బర్డ్’ అని పిలుచుచుండిరి, అనగా తల్లిపక్షి.

నేర్పునప్పుడు తల్లిపక్షి యనుపేరు చక్కగా నతుకును. రెక్క రాని పిల్లను రెక్కల చాటున నుంచుకొని యెగురుట నేర్పుటకంటె తల్లిపక్షి చేయునదేమి? కాని పరీక్షించునప్పుడో? గూటి యంచున నిలిచిన పిల్ల, తనది కాని పిల్ల, వణకుచు రెక్క విప్పుచుండగా, చేయూత నీయక చూచుచుండుట తల్లిపక్షికి సాధ్యమా? నాకు కలిగిన సందేహ మదియే.

మొదట, శిక్షకులు పరీక్షకు లగు విధానమును జెప్పెదను. అమెరికాలో నీ పని పర్యవేక్షించునది ప్రభుత్వసంస్థయగు ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్. అది 1958లో నేర్పడినది. అంతకు బూర్వము ఈవ్లిన్‌ను నియమించిన కాలమున వేరొక ప్రభుత్వశాఖ యీ పనిని జేయుచుండెను. అంత విశాలదేశమున లైసెన్సు గోరు వారినందఱిని ప్రభుత్వోద్యోగులే పరీక్షింపజాలరు. కావున వేలకొలది గంటలు విమానము నడపి, అందు జాలభాగము బోధనలో గడపి, నడవడియందు మచ్చలేని శిక్షకులను ప్రభుత్వమువారు తమ ప్రతినిధులుగా నియమింతురు. ఈ పరీక్షకులకు జీతము లేదు. పరీక్షకు వచ్చినవాడే రుసుము చెల్లించును. ఆ రుసుము పరీక్షించినందుకే కాని గెలిపించినందుకు కాదు. గెలిచినను ఓడినను చెల్లింపవలసినదే. డబ్బిచ్చినవానితోనే ‘నీకింకను చేతగాలేదు’ అని చెప్పగల గుండె గలవారే యీ పనికి దగుదురు. నియామకము హక్కు కాదు. ప్రాంతమున నవసర మున్నప్పుడే యిత్తురు. నమ్మకము సడలిన తీసివేయుదురు.

ఐరోపాఖండపు నిబంధనలలో నీ లెక్క యింకను స్పష్టముగా వ్రాయబడియున్నది. సొంతముగా విమానము నడుపుకొను లైసెన్సు పరీక్షించుటకు, పరీక్షకుడు విమానములపై 1,000 గంటలు చోదకుడుగా నుండి, అందు 250 గంటలు బోధన చేసియుండవలెను. అది చాలదు. పరీక్షించు విధానమును గూర్చి ప్రత్యేకశిక్షణ పొందవలెను. పెద్ద పరీక్షకుని పర్యవేక్షణమున పరీక్షకుని పాత్ర వహించి కనీసము రెండు పరీక్షలు నడపిచూపవలెను. ఆపైన నతనినే యొక పైయధికారి పరీక్షించును. ఇట్లు లభించిన యధికారము 3 సంవత్సరములు మాత్రమే చెల్లును. తరువాత మరల శిక్షణ, మరల నధికారి సమక్షమున నొక పరీక్ష. పరీక్షకునికే పరీక్ష తప్పదన్న మాట!

ఇన్ని వందల గంటలు బోధించినవారికి మరల నేర్పవలసిన దేమున్నదని మీరడుగవచ్చును. విమానము నడుపుట కాదు, నేర్పకుండుట నేర్పవలసియున్నది. ఇందలి మర్మ మిదియే.

చిన్న విమానములో ముందఱి రెండు పీఠములకును వేర్వేఱుగ నడుపు సాధనము లుండును. ఎడమప్రక్క శిష్యుడు, కుడిప్రక్క గురువు. శిష్యుడు పొరబడి ముక్కు పైకెత్తినచో గురువుచేయి తెలియకయే పిడిమీదికి బోవును. విమానము ప్రక్కకు జారినచో కాలు తనంతట తానే పలకను నొక్కును. ‘కొంచెము క్రిందికి, ఇంకను కొంచెము’ అని నోరు పలుకుచుండును. ఏండ్లతరబడి యిట్లలవాటుపడిన చేయి, కాలు, నోరు పరీక్షదినమున కదలరాదు. గురువు సాయమున దిగిన విమానము గురువు దింపినదే గాని శిష్యుడు దింపినది కాదు. ఆ సాయముతోనే లైసెన్సు పొందిన శిష్యుడు మఱునాడు తన భార్యాబిడ్డలను గూర్చుండబెట్టుకొని యెగిరినప్పుడు, కుడిప్రక్క పీఠమున ఆ చేయి యుండదు గదా!

అమెరికా నిబంధనలు ఈ విషయమును మిక్కిలి సూటిగ జెప్పుచున్నవి. పరీక్షా సమయమున విమానమునకు నాయకుడు పరీక్షకుడు కాడు, పరీక్షకు వచ్చినవాడే. ముందుగ నట్లు ఒప్పుకొన్ననే తప్ప, వేల గంటల యనుభవముగల పరీక్షకుడు నాయకత్వము వహింపడు. ఐరోపా నిబంధనలలో, క్షేమమునకు భంగము కలుగునట్లున్నప్పుడు గాని, ఇతర విమానములకు మితిమీరిన యాలస్యము కలుగునట్లున్నప్పుడు గాని తప్ప, పరీక్షకుడు విమానము నడుపుటలో జోక్యము చేసికొనరాదని యున్నది. చేతు లొడిలో నుంచుకొని కూర్చుండవలెను. అయినను కన్నులు ఱెప్పవాల్పరాదు. జోక్యము తగినది కాదు, ఆలస్యము తగినది కాదు. ఆ రెంటి నడుమ నెన్ని క్షణము లుండునో, ఆ క్షణములు తెలిసినవారే పరీక్షకులు.

పరీక్ష రెండు భాగములు. మొదటిది నేలమీద సంభాషణ, రెండవది యాకాశమున. సంభాషణలో పటము చదువుట, వాతావరణవార్తల యర్థము, ఇంధనపు లెక్క, విమానము మోయగల బరువు మొదలగువానిని గూర్చి యడుగుదురు. ఆకాశమున నడిగెడు పనులకు కొలతలు గలవు. నలుబదియైదు డిగ్రీల వాలున గుండ్రముగ దిరుగునప్పుడు ఎత్తు నూరడుగులకు మించి హెచ్చుతగ్గులు గారాదు. వేగము పది నాట్లకు మించి మారరాదు. పొట్టి మైదానములో దిగు విధమున, తాను చూపిన గురుతునకు ముందు గాక, దానికి 200 అడుగుల లోపల చక్రములు నేలను దాకవలెను. ఈ కొలతలు పరీక్షకుని యిష్టమును బట్టి మారునవి కావు. అచ్చు వేసిన పుస్తకమున నున్నవి. పరీక్షకు వచ్చువాడును వానిని జదువుకొనియే వచ్చును.

ఇచ్చట నాకు భారతమున కుమారుల యస్త్రవిద్యాప్రదర్శనము జ్ఞప్తికి వచ్చుచున్నది. కర్ణుడు రంగమున నిలిచి, అర్జునుడు చూపిన విద్యలనెల్ల తానును జూపగా, కృపాచార్యు డడిగిన ప్రశ్న యేది? నీ కుల మేది, నీ తలిదండ్రు లెవరని! విల్లు చేతబట్టిన వానిని విల్లును గూర్చి యడుగవలెను గాని, తల్లిని గూర్చి యడుగనేల? ఆ యొక్క యక్రమ ప్రశ్నవలన నెంత వైరము పెరిగినదో, ఎంద ఱిండ్లు శూన్యములైనవో మన మెఱుగుదుము. పుస్తకమున లేని ప్రశ్న పరీక్షకుడు వేయరాదనుటలోని ధర్మము నాకు ఆ కథవలన బోధపడినది. 1952లో ఆ పీఠమున గూర్చున్న స్త్రీకి, ‘ఆడది విమానమును గూర్చి మమ్మడుగుటయా’ యనువారికి సమాధానము చెప్పుటకును ఆ పుస్తకమే యండ.

పరీక్షలో నింకొక విచిత్రము గలదు. చోదకుడు ముఖ్యమైన పనిలో నిమగ్నుడై యున్నప్పుడు పరీక్షకుడు కావలెననియే యతని దృష్టిని మఱలింపజూచును. చేతిలోని పెన్సిలు జారవిడిచి తీసిపెట్టుమనవచ్చును; క్రింద గనబడు నూరి పేరేమని యడుగవచ్చును. ఇది కొంటెతనము కాదు. వెనుక పీఠమున బిడ్డ యేడ్చినను, ప్రక్కవాడు మాటలు పెట్టుకొన్నను, విమానము నడుపుట మానరాదు గదా! పొయ్యిమీద పాలుంచి, వాకిట పొరుగమ్మతో మాటాడుచునే చెవి యొకటి పొంగుమీద నుంచుకొను గృహిణులకు ఈ పరీక్ష యొక్క విలువ నేను వివరింప నక్కరలేదు.

ఆపైన నెక్కడనో పొలములపై నెగురుచుండగా, పరీక్షకుడు ఎంజను శక్తిని దగ్గించి ‘మీ ఎంజను ఆగిపోయినదనుకొనుడు’ అనును. అంతే, మఱి మాటాడడు. చోదకుడు కలవరపడక, విమానము గాలిలో మెల్లగా జారుటకు దగిన వేగమును నిలిపి, దిగుటకు దగిన పొలమును వెదకికొని, ఎంజను మరల నడచునేమో ప్రయత్నించి, చేయవలసిన పనులన్నియు క్రమముగ జేయవలెను. పొలము దగ్గఱపడు చుండును. పరీక్షకుని కాలికొన దానికంటె మంచి పొలము కుడిప్రక్క నున్నది. తానైన దానినే యెన్నుకొనును. అయినను చెప్పరాదు. తగినంత యెత్తుననే యాట ముగించి, మరల శక్తినిచ్చి పైకి బొమ్మనును. ఈవ్లిన్‌కు తన జీవితమున నిది నిజముగనే రెండుమారులు సంభవించినది. ఎంజను పూర్తిగ నాగిపోయినది. ఆమె రెండుమారులును క్షేమముగ నేలకు దిగినది. ‘ఆగిపోయినదనుకొనుడు’ అని యామె పలికినప్పుడు, ఆ మాట యూహామాత్రము కాదని యామెకు దెలియును.

మఱియొక నిబంధన నన్ను మిక్కిలి యాకర్షించినది. పరీక్షదినమున మబ్బు క్రమ్మియుండవచ్చును. గాలి హెచ్చుగా నుండవచ్చును. రుసుము సిద్ధము, పరీక్షకుడు సిద్ధము, బంధువులకు ముందుగనే చెప్పియుండెను. అట్టిచో చోదకుడు ‘నేడెగురుట క్షేమము కాదు’ అని చెప్పవచ్చును. అది యోటమి కాదు. పరీక్ష నంతటితో నాపి, అంతవఱ కైన భాగమును లెక్కలో నుంచి, 60 దినములలోపల మిగిలినది ముగించుకొనవచ్చును. ఎగురుట యెఱిగినవాడే గాక, ఎగురకుండుట యెఱిగినవాడును యోగ్యుడే యని దీని తాత్పర్యము. పరువునకు వెఱచి కానిపనికి బూనుకొనుట కంటె వెనుకకు దిరుగుట మేలని బిడ్డలకు మనము చెప్పు సందర్భములు ఎన్ని లేవు!

గెలిచినవానికి పరీక్షకుడు అప్పటికప్పుడే తాత్కాలికమైన లైసెన్సు కాగితము వ్రాసి చేతికిచ్చును; అది 120 దినములు చెల్లును. ఓడినవానికి, ఏ పనిలో నోడెనో వ్రాసియిచ్చును. వాడు మరల తన గురువునొద్దకు బోయి, ఆ లోపము దిద్దుకొని, సిద్ధమైనట్లు గురువు సంతకము దెచ్చి మరల రావలెను. ఆ గురువెవరు? పరీక్షకురాలి తోడి శిక్షకుడే. ఒకే విమానాశ్రయమున కాఫీ త్రాగు మిత్రుడే. శిక్షకు లధికారమును నిలుపుకొను మార్గములలో నొకటి, రెండేండ్లలో కనీసము అయిదుగురు శిష్యులను పరీక్షకు బంపి, నూటి కెనుబదిమంది మొదటిమారే గెలుచునట్లు చేయుట. కావున పరీక్షకురాలు ‘ఓడినాడు’ అని వ్రాసిన మాట శిష్యునికేగాక మిత్రునికిని దగులును. మఱునాడు మిత్రుడు ముఖము త్రిప్పుకొనవచ్చును. ఆ సంగతి తెలిసియు వ్రాయవలెను.

తాను బోధించిన శిష్యుని తానే పరీక్షింపరాదను నియమమును నిందులకే. ఐరోపావారు దీనిని స్పష్టముగ వ్రాసియుంచిరి: లైసెన్సు కొఱకు విద్య గఱపిన గురువు గాని, పరీక్షకు సిద్ధుడని సిఫారసు చేసినవాడు గాని ఆ పరీక్ష చేయరాదు. ఈ నియమము చదివినప్పుడు నా చిన్ననాటి ముచ్చట యొకటి కన్నులకు గట్టినది.

నాకు చదువు చెప్పినది మా తాతగారు. అమరము, శబ్దములు, రఘువంశము కొంత, భారతము కొంత ఆయనయొద్దనే వల్లించితిని. సంవత్సరాంతమున నాయన నన్ను తాను పరీక్షింపక, ప్రక్కయూరి శాస్త్రులవారిని పిలిపించెను. శాస్త్రులవారు శ్లోక మొకటి చదివి యన్వయము చెప్పుమనిరి. నేను రెండవ పాదమున దడబడితిని. చూతునుగదా, గోడప్రక్కన గూర్చున్న తాతగారి పెదవులు కదలుచున్నవి! ఆ పెదవులను జూచి నేను మాట యందుకొంటిని. శాస్త్రులవారు నవ్వి, ‘అయ్యా, తమరు కొంచెము సేపు అరుగుమీద గూర్చుండుడు, ఈ శ్లోకము తమకు వచ్చునని నేనెఱుగుదును’ అనిరి. తాతగారు లేచి వెళ్లిరి. పిమ్మట నేను ఆ శ్లోకమున నోడితిని, బిగ్గఱగ నేడ్చితిని. ఆ రాత్రి తాతగారు నన్ను దగ్గఱకు దీసికొని, ‘తల్లీ, నా పెదవులు కదలుట నే నెఱుగనే యెఱుగను’ అనిరి. ఆయన యబద్ధమాడలేదు. ప్రేమ కదలించిన పెదవి తనకు దెలియదు.

ద్రోణాచార్యులవంటి గురువే యీ చిక్కునుండి తప్పించుకొనలేకపోయెను. చెట్టుపై పక్షిని జూపి శిష్యుల నొక్కొక్కరిని ‘ఏమి కనబడుచున్నది’ అని యడుగునప్పు డాయన నిష్పక్షపాతి. కాని యర్జునునకు సాటి లేకుండవలెనను కోరికతో నేకలవ్యుని యంగుష్ఠ మడిగినప్పుడో? గురువు ప్రేమ యొక శిష్యునకు వరమై, వేరొకనికి శాపమైనది. అందుచే నేర్పు చేయి వేఱు, తూచు చేయి వేఱు గావలెను. ఈవ్లిన్ యీ రెండు పనులను నెఱపినది. ఒకనాడు తన శిష్యునికి ప్రేమతో నేర్పును.  మఱునాడితరుల శిష్యుడు వచ్చును. అతని నీమె తూచును.

చేతు లొడిలో నుంచుకొనుట యలవాటైనచో హృదయము బండబాఱునేమో యని మీకు దోచవచ్చును. దీనికి 1958వ సంవత్సరమున జరిగిన సంఘటనయే సమాధానము. మారిస్టౌన్ విమానాశ్రయమున నొక హెలికాప్టరు కూలినది. ఈవ్లిన్ పరుగున బోయి, మంటలు లేచు నపాయమును లెక్కసేయక, ఎంజను నాపి, అగ్ని నార్పు సాధనముతో మంటను జల్లార్చి, చోదకుని ప్రాణము నిలిపినది. పరులప్రాణము గాపాడిన సాహసులకు అమెరికాలో నిచ్చు కార్నెగీ పతక మామెకు లభించినది. పరీక్షాసమయమున పిడివైపునకు జాఱక నిగ్రహించుకొన్న చేతులును, మంటలోనికి జొచ్చిన చేతులును ఒక్కరివే. రెంటికిని మూలమైన దయ యొక్కటే. ఒకచోట నాపదలో నున్నవాడు కన్నుల యెదుట నున్నాడు. మఱియొకచోట నాపదలో బడనున్నవారు కంటికి గానరారు. ఈ చోదకునితో రేపెగురబోవు భార్య, పిల్లలు, ఏ సంగతియు నెఱుగక క్రింద పొలములో పనిచేసికొను రైతు. పరీక్షకురాలు వారి పక్షమున గూర్చున్నది.

ఈ మాట వ్రాయుచుండగా నా కలము కొంచెము సిగ్గుపడుచున్నది. ఏలననిన, కొన్నేండ్ల క్రిందట మా యూరి పిల్లవాడొకడు మావారు దిద్దిన లెక్కల పరీక్షలో నాలుగు మార్కులకు తప్పెను. వాని తల్లి, తండ్రి లేని బిడ్డను పెంచుకొనుచున్న యామె, కొంగున నాలుగు ములగకాడలు మూటగట్టుకొని మా దొడ్డివాకిట నిలిచి, ‘అమ్మగారూ, మీరొక్క మాట చెప్పుడు’ అని కంట నీరు పెట్టుకొనినది. నేను మావారితో జెప్పితిని. చెప్పుట యేమి, పోరితిని. నాలుగు మార్కులకు మీ సొమ్మేమి పోవునంటిని. మావారు కాగితమును నా యెదుట బెట్టి, ‘వీనికి భాగహారము రాదు. నేనిచ్చు నాలుగు మార్కులతో భాగహారము వచ్చునా?’ అనిరి. నేను రెండు దినములు వారితో మాటాడలేదు. వారు మాత్రము మఱునాటినుండి సాయంకాలము పిల్లవానిని మా యరుగుమీదకు బిలిచి భాగహారము చెప్పనారంభించిరి. పిల్లవాడు మఱుసారి వేరొక యుపాధ్యాయునిచేత పరీక్షింపబడి గెలిచెను. అయినను వాని తల్లి నేటికిని మా వాకిట నడుగిడలేదు. ఆ యెడబాటు మావారు భరించుచున్నారు. నేను నేడర్థము చేసికొనుచున్నాను.

ఈవ్లిన్ తొంబదియేండ్లు దాటిన పిదప గూడ బోధన మానలేదు. కంటిచూపు మందగించినపుడే యెగురుట విరమించినది. 2006లో మోటారుకారు ప్రమాదమున నొక కాలు పోయినది. 2007లో నా దేశపు జాతీయ విమానయాన ప్రముఖుల మందిరమున నామెకు స్థానము లభించినది. 2012 మే నెలలో, తన 102వ యేట కన్నుమూసినది. నేడు మన దేశమునందును విమానములు నడుపు స్త్రీలు పెక్కురు. చోదకులలో స్త్రీల పాలు హెచ్చుగ నున్న దేశములలో మనదియు నొకటి. వారిలో నేర్పువారు గలరు. పీఠము మారి పరీక్షించు పనికి బూనుకొనువారికి ఈ తల్లిపక్షి జీవితము మంచి తోడు.

మనకు విమానములు లేవు. కాని బిడ్డలు గలరు. నిన్న మా పెద్దమ్మాయి తొలిమారు తానొక్కతెయే వంట చేసెదననినది. నేను పీటవేసికొని ప్రక్కన గూర్చుంటిని. పప్పు దింపువేళకు ఉప్పు చాలలేదని నాకు వాసనచేతనే తెలిసినది. చేయి ఉప్పు జాడీవైపునకు లేచినది. శాస్త్రులవారు జ్ఞప్తికి వచ్చిరి, ఈవ్లిన్ జ్ఞప్తికి వచ్చినది. లేచిన చేతిని మరల నొడిలో నుంచుకొంటిని. పెదవులు కూడ కదలకుండ చూచుకొంటిని. మావారు భోజనమునకు గూర్చుండి, మొదటి ముద్ద తిని, నావైపు చూచి, ఏమియు ననక, ఉప్పు జాడీ నడిగిరి. మా యమ్మాయి తలవంచుకొని జాడీ తెచ్చినది. నేటి పప్పులో ఉప్పు సరిపోయినది.